బ్రెషా నుంచి బుడాపెస్ట్ దాకా: కవెల్లిని స్టాంపుల వెంట

బ్రెషా, మంగళవారం

మిలాన్‌కు తూర్పున, రైలులో గంట లోపే చేరుకోగల ఊరు బ్రెషా. ఇటలీ చూడటానికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ ఊళ్ళో దిగరు, దిగినవాళ్ళు రోమన్ శిథిలాలు చూసుకుని గార్దా సరస్సు వైపు సాగిపోతారు. నేను మాత్రం దిగగానే నేరుగా పోస్టాఫీసుకు వెళ్ళాను.

విత్తోరియా కూడలిలో ఉన్న ఆ తపాలా భవనం ముందు ఎవరైనా కాసేపు ఆగిపోతారు. రెండు రంగుల రాతిని పట్టీలు పట్టీలుగా పేర్చి, ఎత్తయిన స్తంభాలు నిలిపారు. మార్చెల్లో పియచెంతిని అనే వాస్తుశిల్పి పాత ఊరి ఇళ్ళు కూల్చిన చోట కూడలి మొత్తాన్ని రూపొందిస్తే, 1932లో ముసోలినీయే వచ్చి ప్రారంభించాడు. ఫాసిస్టు యుగానికి ప్రతీకగా ఒక భారీ పాలరాతి యువకుణ్ణి కూడా ఇక్కడ నిలబెట్టారు. 1945లో ఆ విగ్రహాన్ని తీసేశారు. ఎవరి రూపం ఊరి నడిబొడ్డున ఉండాలో, ఎవరి ముఖం స్టాంపు మీద ఉండాలో ప్రభుత్వమే తేల్చే కాలం అది. నా ప్రయాణం ఆ హక్కును తన చేతుల్లోకి తీసుకున్న ఒక బ్రెషావాసి కోసం.

ఆయన పేరు గుల్యెల్మో అకిల్లే కవెల్లిని. 1914లో ఈ ఊళ్ళోనే పుట్టి, 1990లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. కుటుంబానిది దుకాణాల వ్యాపారం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ డబ్బుతో సమకాలీన చిత్రాలు కొనడం మొదలుపెట్టాడు. అవి ఎంత విలువైనవంటే 1957లో రోమ్‌లోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ఆయన సేకరణనే ప్రత్యేకంగా ప్రదర్శించింది. తర్వాత సేకర్తగా ఉండటం చాలదనుకుని మళ్ళీ తానే చిత్రాలు వేయడం మొదలుపెట్టాడు. విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు. 1971లో ఆయన ఒక కొత్త మాట పుట్టించాడు: ‘ఆవుతోస్తోరిచిజ్జాజియోనే’. తన చరిత్రను తానే రాసుకోవడం అన్నమాట. ఎవరో వచ్చి గుర్తించేదాకా ఆగకుండా తన శతజయంతికి తానే పోస్టర్లు అచ్చు వేయించాడు, తన ముఖంతో స్టాంపులు వేయించాడు, ఇటలీ జెండా రంగుల్లో ‘1914–2014’ అని గుండ్రని స్టిక్కర్లు చేయించి ప్రపంచమంతటికీ పోస్టులో పంపాడు.

ఆ పోస్టులన్నీ ఈ మెట్ల మీదుగానే వెళ్ళాయని నేను చెప్పలేను. కానీ వాటి మీద పడ్డ ముద్ర ఈ ఊరిదే.

ఇంటికి కార్డులు రాయాలని స్టాంపుల కోసం బయలుదేరాను. ఇటలీలో స్టాంపులు పొగాకు దుకాణాల్లోనూ అమ్ముతారు. ‘టి’ అక్షరం బోర్డు కనిపిస్తే చాలంటారు, కానీ మొదటి రెండు చోట్ల భుజాలు ఎగరేసి లేవన్నారు. మూడో దుకాణంలో ఒక పెద్దావిడ సొరుగు అడుగు నుంచి కవరు తీసి, ఒక్కొక్క స్టాంపునూ గోటితో జాగ్రత్తగా విడదీసి ఇచ్చింది. ఆసియాకు కార్డు వెళ్ళాలంటే రెండు యూరోల పైమాటే. ‘ఈ రోజుల్లో స్టాంపులు అడిగేది మీలాంటి విదేశీయులే’ అంది. పక్కనే నిలబడి తాగిన కాఫీ 1 యూరో 30 సెంట్లు. అదే కాఫీ కుర్చీలో కూర్చుని తాగితే ధర మారుతుంది, అందుకే స్థానికులు కౌంటరు దగ్గరే రెండు గుక్కల్లో ముగించి, గ్లాసెడు నీళ్ళు తాగి వెళ్ళిపోతారు.

బ్రెషా, బుధవారం

లోజ్జా కూడలిలో గడియారం మీద ఇద్దరు కంచు మనుషులు సుత్తులతో గంట కొడుతుంటారు. ఆ గడియారం కింద నడవాలో ఒక స్తంభం దెబ్బతిని ఉంటుంది. 1974 మే 28న ఫాసిస్టు వ్యతిరేక సభ జరుగుతుండగా అక్కడ బాంబు పేలి ఎనిమిది మంది చనిపోయారు. స్తంభాన్ని బాగు చేయకుండా అలాగే ఉంచారు. కవెల్లిని తన స్టాంపులు, కేటలాగులు పోస్టు చేస్తున్న సంవత్సరాలు సరిగ్గా ఇవే. ఆయనది డబ్బున్న మనిషి కాలక్షేపమని తేల్చేసేవాళ్ళకు నేను ఈ స్తంభాన్ని చూపించాలనుకుంటాను. నాయకుల మీద, పత్రికల మీద, పెద్ద పెద్ద మాటల మీద నమ్మకం పోయిన ఊళ్ళో ఒక మనిషి తన పేరును తానే కవర్ల మీద అంటించుకుని ఊరూరికీ పంపాడు. దాన్ని అహంకారమని ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు నచ్చదు.

మధ్యాహ్నం ఒక చిన్న భోజనశాలలో కసోన్‌చెల్లి తిన్నాను. పల్చని పిండి ముద్దలో మాంసం, జున్ను, రొట్టె పొడి కూరి, మడిచి ఉడకబెట్టి, కాచిన వెన్నలో సేజ్ ఆకు వేసి పోస్తారు. 13 యూరోలు. బిల్లులో ‘కోపెర్తో’ పేరుతో మరో 2 యూరోలు ఉంటాయి, బల్లకూ రొట్టెకూ కలిపి మనిషికింత అని. అడగడానికి సంకోచించనక్కర లేదు, వడ్డించే అబ్బాయి నవ్వుతూ వివరించాడు. పక్క బల్లవాళ్ళు పొలెంతా తింటున్నారు. మొక్కజొన్న పిండితో చేసే ఆ వంటకం చూడటానికి అచ్చం మన సంకటి. దాని మీద బగోస్ అనే జున్ను వేడిచేసి వేశారు. ఇక్కడి కొండల్లోని బగొలీనో ఊరి జున్ను అది, కుంకుమపువ్వు కలపడంతో లేత పసుపు రంగులో ఉంటుంది. నా చూపు గమనించిన పెద్దాయన తన పళ్ళెంలోంచి ఒక ముక్క కోసి ఫోర్కుతో నా పళ్ళెంలో పెట్టాడు. పరిచయం లేని మనిషి ఎంగిలి కాకుండా ఎంత నాజూకుగా పెట్టాడో!

సాయంత్రం పాత పుస్తకాల కొట్టు వెతుక్కుంటూ కార్మినే పేటలోకి వెళ్ళాను. ఆ సందులు ఒకదానిలోంచి ఒకటి పుడుతుంటాయి, ఫోనులోని పటం కూడా అక్కడ తడబడుతుంది. ఒక మలుపు తిరిగేసరికి పంజాబీ కిరాణా కొట్టు ఎదురైంది. బియ్యం బస్తాలు, మెంతికూర కట్టలు, గోడ మీద స్వర్ణమందిరం. బ్రెషా చుట్టుపక్కల పాడి పరిశ్రమలో వేలమంది పంజాబీలు పనిచేస్తున్నారు. ఊరికి దగ్గర్లో ఫ్లేరోలో పెద్ద గురుద్వారా కూడా ఉంది. కొట్లో కూర్చున్న ఆయన నన్ను చూడగానే హిందీలో ‘ఎక్కడి నుంచి, బాబూ?’ అన్నాడు. హైదరాబాద్ అనగానే టీ పెట్టించాడు. తాను వచ్చిన కొత్తలో రాత్రి రెండు గంటలకు లేచి పాలు పితకడానికి వెళ్ళేవాణ్ణని, అప్పుడు కపుర్తలా నుంచి తల్లి రాసిన ఉత్తరాలే ఆధారమని చెప్పాడు. కవర్లతో సహా దాచుకున్నాడట. ‘ఉత్తరం చదివితే ఐదు నిమిషాలు, కవరు చూస్తే అరగంట’ అన్నాడు. టీకి డబ్బు తీసుకోలేదు.

ఆయన చూపించిన దారిలో పుస్తకాల కొట్టు దొరికింది. కొట్టు యజమాని కవెల్లిని పేరు వినగానే నిచ్చెన ఎక్కి పై అరలోంచి ఒక కేటలాగు తీశాడు. ‘మోస్త్రా ఆ దొమిచీలియో’, అంటే ఇంటి దగ్గరి ప్రదర్శన. కవెల్లిని తన ప్రదర్శనను ఏ హాల్లోనూ పెట్టకుండా అట్ట పుస్తకంగా అచ్చు వేసి వేల చిరునామాలకు ఉచితంగా పంపేవాడు. పుస్తకం చేరిన ఇల్లే ప్రదర్శనశాల. ఉచితంగా పంచిన ఆ పుస్తకానికి ఈరోజు ధర 35 యూరోలు. బేరం ఆడకుండా కొన్నాను. దాని మీద ఆ గుండ్రని మూడు రంగుల స్టిక్కరు మసకబారకుండా ఉంది.

కవెల్లిని పంపిన కవర్లు చూడటానికి బుడాపెస్ట్ వెళ్తున్నానని చెప్పాను. ఆయన పేరిట పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్ ఒకటి ఈ ఊళ్ళోనే ఉంది కదా, మరి బుడాపెస్ట్ ఎందుకని యజమాని అడిగాడు. ఉత్తరం రాసినవాడి దగ్గర ఉండదు కదా, అందుకున్నవాడి దగ్గర ఉంటుంది. ఆయన పంపినవి ఎక్కడికి చేరాయో, చేరి ఏం చేశాయో చూడాలని నా కోరిక. యజమాని కాసేపు ఆలోచించి, కేటలాగును ఒక దళసరి కాగితంలో చుట్టి, ‘అయితే ఇది కూడా అంత దూరం ప్రయాణించాలి’ అని నా చేతికిచ్చాడు.

బ్రెషా, గురువారం

ఉదయం కాపితోలియం అనే పాత రోమన్ గుడిలో కంచు విజయదేవతను చూశాను. 1826లో తవ్వకాల్లో దొరికిన ఆ రెక్కల విగ్రహానికి మరమ్మతులు చేసి 2020లో తిరిగి గుడికే చేర్చారు. దాని ముందు ఎంతసేపు నిలబడినా తనివి తీరదు, కానీ దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. సాయంత్రం అందరిలాగే నడవాల కింద పిర్లో తాగాను. వైన్, చేదు మద్యం, సోడా కలిపిన బ్రెషా పానీయం, 5 యూరోలకు ఆలివ్‌లూ చిప్సూ కూడా ఇచ్చారు.

బుడాపెస్ట్, సోమవారం

లెహెల్ తేర్ మెట్రో స్టేషన్‌లోంచి పైకి రాగానే ఎదురయ్యే మార్కెట్ భవనానికి లేని రంగు లేదు. దీన్ని రూపొందించిన లాస్లో రాయ్క్ కమ్యూనిస్టు పాలనలో నిషిద్ధ రచనలను తన ఇంట్లోనే పెట్టి పంచిన మనిషి. లోపల పై అంతస్తులో వేడి లాంగోష్ తిన్నాను. పులిసిన పిండిని నూనెలో వేయించి, పైన వెల్లుల్లి నీళ్ళు చల్లి, పుల్లని మీగడ, జున్ను తురుము వేస్తారు. 1,500 ఫోరింట్లు. నిలబడి తినాలి, నూనె మోచేతి దాకా కారుతుంది, పక్కవాళ్ళు కాగితం తుండు అందిస్తారు. ఇక్కడివాళ్ళు ముందు మాట కలపరు, కానీ కాగితం మాత్రం అడక్కుండానే చేతికిస్తారు.

అక్కడి నుంచి సబోల్చ్ వీధి నడక దూరం. పాత ఆసుపత్రి ప్రాంగణాన్ని మ్యూజియం సామగ్రి భద్రపరిచే కేంద్రంగా మార్చారు. నేను వెతుక్కుంటూ వచ్చిన ఆర్ట్‌పూల్ అనే కళా ఆర్కైవ్ ఇప్పుడు ఇక్కడే ఉంది. జ్యోర్జ్ గలాంతాయ్ అనే కళాకారుడు, యూలియా క్లానిట్సాయ్‌తో కలిసి 1979లో తమ ఇంట్లోనే మొదలుపెట్టిన సేకరణ ఇది. డబ్బు లేదు, ప్రభుత్వ అనుమతి లేదు. ఉన్నదల్లా పోస్టు డబ్బా.

ముందే రాసి అనుమతి తీసుకున్నాను. చేతులు శుభ్రంగా కడుక్కుని, పెన్ను సంచిలో పెట్టేసి, పెన్సిలుతో కూర్చున్నాను. పెట్టె వచ్చింది. పై మూత తీయగానే ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. బ్రెషాలో పుస్తకం మీద చూసిన స్టిక్కరే, కానీ ఇక్కడ అది కవరు మీద ఉంది. పక్కన ఇటలీ ప్రభుత్వ స్టాంపు, దాని మీద పోస్టు ముద్ర. 1953 నుంచి దశాబ్దాల పాటు ఇటలీవాళ్ళ ఉత్తరాల మీద తరచూ కనిపించిన బొమ్మ ఒకటుంది, తల మీద కోట బురుజుల కిరీటంతో, ప్రాచీన సైరక్యూజ్ నగరపు నాణెం నుంచి తీసుకున్న స్త్రీ ముఖం. ఆ ముఖం దేశానిది. దాని పక్కనే తన ముఖాన్ని, తన పుట్టిన సంవత్సరాన్ని, తన నూరేళ్ళ పండుగ సంవత్సరాన్ని అంటించాడు కవెల్లిని. తపాలా గుమస్తా రెండింటినీ పక్కపక్కనే చూసి, అసలైన దాని మీద ముద్ర కొట్టి, కవరును సరిహద్దు దాటించాడు.

స్టాంపుల షీట్లు విడిగా ఉన్నాయి. వరుసలు వరుసలుగా అదే మనిషి. నాకు మొదట చిన్నప్పుడు చేతిలోకి వచ్చిన హైదరాబాద్ సంస్థానం స్టాంపులు గుర్తొచ్చాయి. 1931 సిరీస్‌లో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్, అజంతా ద్వారం ఉన్నాయి కానీ నిజాం ముఖం లేదు. అయినా ఆ కాగితం ముక్క మొత్తం ఆయన అధికారమే. స్టాంపుకు ఆ శక్తి బొమ్మతో రాదు, అంచున ఉండే చిల్లులతో వస్తుంది. చిల్లులు చూడగానే మనం అది ప్రభుత్వానిదని ఒప్పుకుంటాం. కళాకారులు పట్టుకున్నది సరిగ్గా ఈ కీలకాన్నే. ఫ్రెంచ్ కళాకారుడు ఈవ్ క్లైన్ 1957లో ఉత్త నీలిరంగు స్టాంపు అంటించిన ఆహ్వాన పత్రాలను పారిస్ పోస్టులో పంపాడు. అమెరికా కళాకారుడు రాబర్ట్ వాట్స్ 1960ల తొలినాళ్ళలో తన స్టాంపులను స్టాంపులమ్మే యంత్రంలో పెట్టాడు. ఇటలీలో దీని వేళ్ళు ఇంకా లోతున ఉన్నాయి. ఫ్యూచరిస్టు ఉద్యమానికి చెందిన కళాకారుడు ఇవో పన్నాజ్జి 1920లలోనే కవర్ల మీద కాగితం ముక్కలు అతికించి కొలాజ్ వేసి, మిగతాది తపాలా ముద్రలతో తపాలావాళ్ళే పూర్తిచేసేలా వదిలేసేవాడు.

భారత తపాలా శాఖ 2011 నుంచి ‘మై స్టాంప్’ పథకంలో రుసుము తీసుకుని మనమిచ్చిన ఫొటోతో స్టాంపుల షీటు అచ్చు వేసి ఇస్తోంది. మా వీధిలో పెళ్ళిపిలుపుల మీద కూడా చూశాను. ఇప్పుడు మామూలైపోయిన ఆ కోరికకు 1970లలో దారి ఇలాంటివాళ్ళే వేశారు, ఎవరి అనుమతీ అడగకుండా.

బుడాపెస్ట్, మంగళవారం

ఈరోజు పెట్టెలు కవెల్లినివి కావు, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళవి. నా ప్రయాణంలో అన్నిటికంటే విలువైన రోజు ఇదే.

కళాకారులు తమ పనిని ఇలా పోస్టులో ఒకరికొకరు పంపుకోవడాన్ని మెయిల్ ఆర్ట్ అంటారు. దానికి కొన్ని నియమాలున్నాయి. ఎంపిక సంఘం ఉండదు. రుసుము ఉండదు. పంపినదేదీ తిరస్కరించరు, తిరిగి ఇవ్వరు. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ జాబితా పంపాలి. ఈ నియమాల మీదే గలాంతాయ్ 1982లో బుడాపెస్ట్‌లోని ఫేసెక్ క్లబ్బులో ‘వరల్డ్ ఆర్ట్ పోస్ట్’ నిర్వహించాడు. దేశదేశాల కళాకారులు స్టాంపుల బొమ్మలు పంపితే, వాటిని షీట్లుగా పేర్చి ప్రదర్శించారు. ఆ షీట్లలో పేరున్నవాడికీ లేనివాడికీ చోటు సమానమే. అందరిదీ ఒకే కొలత గడి. కవెల్లిని స్టాంపును నిన్న ఒంటరిగా చూసినప్పుడు కనిపించనిది ఈ షీట్లు చూశాక అర్థమైంది. ఆయన తన ముఖాన్ని వందలసార్లు అచ్చు వేసుకున్నాడు, నిజమే. కానీ దాన్ని ఇనప్పెట్టెలో దాచుకోలేదు, అమ్మలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతుల్లో పెట్టాడు. వాళ్ళు దాని మీద గీశారు, కత్తిరించారు, మీసాలు పెట్టారు, తమ కవర్ల మీద అంటించి ఇంకొకరికి పంపారు. తన రూపం మీద ఇంత స్వేచ్ఛ ఇచ్చిన మనిషిని స్వార్థపరుడని ఎలా అంటాం?

తర్వాతి పెట్టెలో ‘ఎ.ఎల్.’ పత్రిక. 1983 నుంచి 1985 దాకా ఆర్ట్‌పూల్ రహస్యంగా వేసిన కళావార్తల సంచికలు. 1984 జనవరిలో ‘హంగరీ నీది కావచ్చు’ అని పేరు పెట్టి గలాంతాయ్ మెయిల్ ఆర్ట్ ప్రదర్శన పెడితే అధికారులు దాన్ని నిషేధించారు. ఆయన మీద రహస్య పోలీసులు దస్త్రం నడిపారు, అందులో ఆయనకు వాళ్ళు పెట్టిన మారుపేరు ‘ఫెష్తో’, అంటే చిత్రకారుడు. పాలన మారాక ఆ దస్త్రాన్ని ఆయనే సంపాదించి ప్రజల ముందు పెట్టాడు. కవర్లు విప్పి చదివిన ప్రభుత్వం పోయింది. కవర్లు మాత్రం ఒక్కొక్కటీ అంకె వేసి పెట్టెల్లో ఉన్నాయి. బల్ల పక్కన కూర్చున్న గ్రంథాలయ ఉద్యోగిని నేను చాలాసేపు ఒకే కవరు దగ్గర ఆగిపోవడం చూసి, ఏమీ అడగకుండా భూతద్దం తెచ్చి పెట్టింది. నాలుగింటికి పెట్టె మూసేటప్పుడు బ్రెషా కేటలాగు తీసి చూపించాను. తమ దగ్గరున్న ప్రతితో పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటి మీదా స్టిక్కరు ఉంది, కానీ వేర్వేరు మూలల్లో. చేత్తో అంటించినవి కదా.

రాత్రి గుల్యాష్ తిన్నాను. మనం అనుకునే కూర కాదు, పలుచని పులుసు. ఎర్ర మిరప పొడి ఎంత వేసినా కారం ఉండదు. గిన్నె పక్కన చిన్న సీసాలో కారం ముద్ద పెట్టారు, అది చూసి ప్రాణం లేచొచ్చింది. 3,200 ఫోరింట్లు.

బుడాపెస్ట్, బుధవారం

హీరోల కూడలి. మధ్యలో పొడవాటి స్తంభం, రెండు వైపులా అర్ధచంద్రాకారపు నడవాల్లో హంగరీ రాజులు, నాయకులు. 1980లో కవెల్లిని బుడాపెస్ట్ వచ్చినప్పుడు గలాంతాయ్, క్లానిట్సాయ్‌లతో కలిసి ఇక్కడే ఒక ప్రదర్శన చేశాడు. వేరా ముఖినా చేసిన ‘శ్రామికుడు, సామూహిక వ్యవసాయ క్షేత్రపు స్త్రీ’ అనే సోవియట్ విగ్రహం 1937లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో సోవియట్ భవనం పైన నిలబడింది. సుత్తి, కొడవలి ఎత్తిపట్టిన ఆ భంగిమలోనే గలాంతాయ్, క్లానిట్సాయ్ నిలబడ్డారు. కవెల్లిని తన అలవాటు చొప్పున వాళ్ళ దుస్తుల మీద రాత రాశాడు. అధికారికంగా చెక్కిన వీరుల మధ్య, ఎవరూ ఎన్నుకోని ఇద్దరు మనుషులు కాసేపు విగ్రహాలయ్యారు. స్టాంపు మీద చేసిన పనినే కవెల్లిని ఇక్కడ మనుషులతో చేశాడు.

కూడలికి ఒక పక్కన లలితకళల మ్యూజియం ఉంది. 1987లో ఈ మ్యూజియమే కళాకారుల స్టాంపులతో ఒక ప్రదర్శన పెట్టింది, 2007లో ‘పారాస్టాంప్’ పేరుతో మరింత పెద్దది. 2015లో ఆర్ట్‌పూల్ మొత్తం ఈ మ్యూజియంలో భాగమైంది.

మెట్ల మీద ఆగి, ఫోనులోని 1980 నాటి ఆ ప్రదర్శన ఫొటోను కూడలితో పోల్చి చూస్తున్నాను. టికెట్ల దగ్గర పనిచేసే అమ్మాయి బయటికి వచ్చి ఏమిటని అడిగింది. ఫొటో చూపించాను. తనకు తెలియదంటూనే లోపలికి వెళ్ళి ఒక పెద్దాయనను పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫొటోను దగ్గరగా పెట్టుకుని, వాళ్ళు ఎడమ నడవా వైపు నిలబడ్డారని తేల్చాడు. అమ్మాయి ఒప్పుకోలేదు, వెనకాల కనిపించే రాతి వరుసను బట్టి కుడి వైపేనంది. ఇద్దరూ మెట్లు దిగి, చలిగాలిలో కూడలి మధ్యకు నడిచి, చేతులు చాచి చూపించుకుంటూ హంగేరియన్‌లో గట్టిగా వాదించుకున్నారు. ఆయన ఒక చోట బూటు కాలితో నేల మీద గీత గీశాడు. ఆమె పది అడుగులు పక్కకు జరిగి ఇంకో గీత గీసింది. నేను రెండు గీతల దగ్గరా ఫొటోలు తీసుకుని, టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాను.